కింది చెయ్యి

2008లో మా చెల్లెకు ఇంజనీరింగు సీటు వచ్చింది. బీసీ-ఇ కోటాలో వచ్చింది. ఫీజు సర్కారే కడుతుందన్నారు. సీటు కాగితం ఇంటికొచ్చిన ఆ సాయంత్రం మా ఇంట్లో పండుగ కావాలి. కాలేదు. అబ్బా సైకిలు షాపు కట్టేసి వచ్చాడు. కిరోసిన్‌తో చేతుల జిడ్డు కడుక్కున్నాడు. కాగితం రెండుసార్లు చదివించుకొని విన్నాడు. కోటా అన్న మాట దగ్గర ఆపి, అదేమిటో చెప్పించుకున్నాడు. తర్వాత ఒకటే మాటన్నాడు.

'ఖైరాత్ నక్కో, బేటా.'

బిచ్చం వద్దు బిడ్డా అని. చెల్లె ఏడ్చింది. అమ్మీ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి లేచింది. ఆ రాత్రి మా ఇంట్లో మొదలైన వాదన ఇన్నేళ్లయినా పూర్తిగా ముగియలేదు. ఈ వ్యాసం కూడా ఆ వాదనలో ఒక ముక్కే.

మేమంటే ఎవరమో ముందే చెప్పుకోవాలి. మేము వరంగల్ వైపు ఒక చిన్న ఊరి ముస్లిములం. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు. కోటలు, షేర్వానీలు, బిర్యానీలు అని సినిమాలు చూపించే సాయిబులం కాము. పంక్చర్లు వేసేవాళ్లం, బీడీలు చుట్టేవాళ్లం, అత్తరు అమ్మేవాళ్లం, మాంసం కొట్టేవాళ్లం. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకొని నడిచిన తాతల మనుమలం. రాజ్యమేలినవాళ్ల మతమూ మా మతమూ ఒకటే కావచ్చు. రాజ్యం మాత్రం మా గల్లీలోకి ఎన్నడూ రాలేదు. వస్తే పోలీసు వేషంలో వచ్చింది.

అబ్బా ఆ మాట కోపంతో అనలేదు. ఆయనకొక లెక్క ఉంది. రంజాన్ నెలలో పట్నం నుంచి మా గల్లీకి జకాత్ చీరల మూట వచ్చేది. ఇల్లిల్లూ తిరిగి పంచేవాళ్లు. మా తలుపు దగ్గరికి వచ్చేసరికి అబ్బా బయట నిలబడి, 'మాకంటె గరీబోళ్లున్నరు, వాళ్లకియ్యుండ్రి' అని పంపించేవాడు. లోపల అమ్మీ తన చీరకు అతుకు వేసుకుంటూ ఉండేది. ఆ అతుకూ ఆ మాటా రెండూ మాకు గుర్తే. అబ్బాను తలుచుకొని గర్వపడతాం. అమ్మీని తలుచుకుంటే ఆ గర్వం గొంతులో అడ్డం పడుతుంది.

అబ్బాకు ఆ లెక్క దాదా దగ్గర్నుంచి వచ్చింది. దాదా నిజాం కాలంలో మక్తబులో ఫార్సీ చదివిన మనిషి. షేక్ సాదీ 1258లో రాసిన గులిస్తాన్ ఆయన చదువుకున్న పుస్తకాల్లో ఒకటి. అందులోని హాతిం తాయి కథ మాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. హాతిం అరబ్బులలో గొప్ప దాత. నీకంటే గొప్ప మనసున్నవాణ్ని ఎన్నడైనా చూశావా అని ఆయన్ని ఎవరో అడిగారట. చూశానన్నాడట హాతిం. ఒకనాడు నలభై ఒంటెలు కోయించి పెద్దలందరికీ విందు పెట్టి, ఏదో పని మీద ఎడారి అంచుకు వెళ్తే, అక్కడొకడు ముళ్లకంప మోపు కడుతున్నాడట. ఊరంతా హాతిం ఇంట తింటుంటే నువ్వు పోలేదేమని అడిగితే, తన రెక్కల కష్టం తాను తినేవాడికి హాతిం రుణం దేనికని అన్నాడట వాడు. వాడే నాకంటే గొప్పవాడు అన్నాడట హాతిం.

దాదా ఈ కథ ముగించి తన కుడిచెయ్యి బోర్లించి చూపించేవాడు. ఇచ్చే చెయ్యి పైన ఉంటుంది, పుచ్చుకొనే చెయ్యి కింద ఉంటుంది, పైనున్న చెయ్యే మేలని ప్రవక్త చెప్పారని హదీసు భావం వివరించేవాడు. మన చెయ్యి కిందికి పోవద్దు అనేవాడు. మా ఇంటికి ఆస్తి లేదు. ఈ మాటే ఆస్తి.

మా ఊరి బడిలో తెలుగు సారు ఇంకో చెయ్యి చూపించారు. పోతన బమ్మెర మాకు దూరమేమీ కాదు. ఆ అభిమానంతో సారు వామన చరిత్ర పాఠాన్ని పాఠంలా చెప్పేవారు కాదు, పాడేవారు. పొట్టి బ్రహ్మచారి వచ్చి మూడడుగుల నేల అడుగుతాడు. వచ్చినవాడు విష్ణువు, ఇస్తే నీకేమీ మిగలదు, అబద్ధమాడైనా తప్పించుకో అని గురువు శుక్రుడు బలికి చెప్తాడు. బలి వినడు. లక్ష్మీదేవిని తాకిన చెయ్యి ఈ వేళ కింద ఉంటుందట, తన చెయ్యి దానికి పైన ఉంటుందట, ఇంతకన్న భాగ్యం ఇంకేమిటని పొంగిపోతాడు. సారు అక్కడ ఆగి, రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూపించారు. మేము ఉలిక్కిపడ్డాం. అచ్చం దాదా చూపించిన చెయ్యే అది! మదీనా మాటా బమ్మెర పద్యమూ ఒకే చోట కలిశాయి. మీ సంస్కృతి వేరు, మా సంస్కృతి వేరు అనేవాళ్లు ఎదురుపడినప్పుడల్లా మాకు ఆ రెండు చేతులే యాదికొస్తాయి.

చాలా ఏళ్లు ఆ కలయికను చూసి సంబరపడ్డాం. చెల్లె సీటు కాగితం వచ్చిన తర్వాతే ఇంకో సంగతి కళ్లబడింది. ఈ కథలన్నీ పైచెయ్యి చెప్పినవి. పైచెయ్యి అనే మాటకు తెలుగులో గెలుపు అనే అర్థం ఎందుకొచ్చిందో అప్పుడు తెలిసింది.

మన పాత సాహిత్యంలో దాతలకు కొదవలేదు. బలి ఉన్నాడు, కర్ణుడున్నాడు, శిబి ఉన్నాడు, హరిశ్చంద్రుడున్నాడు. వాళ్లను అడిగినవాళ్లెవరు? బలిని అడిగినవాడు విష్ణువు. కర్ణుడి కవచ కుండలాలు అడిగినవాడు బ్రాహ్మణ వేషంలో వచ్చిన ఇంద్రుడు. శిబి దగ్గరికొచ్చిన డేగా పావురమూ ఇంద్రుడూ అగ్నీ. హరిశ్చంద్రుణ్ని పీడించినవాడు విశ్వామిత్రుడు. వీళ్లలో ఒక్కడికీ నిజంగా ఆకలి లేదు. అందరూ దాతను పరీక్షించడానికో, దోచుకోవడానికో వచ్చినవాళ్లే. పుచ్చుకొనేవాడి కడుపులో ఏముందో, ఇంటికి పోయి పెళ్లాంతో ఏం చెప్పాడో ఆ కథలకు పట్టదు.

కుచేలుడున్నాడు కదా అంటారు మీరు. నిజమే, ఉన్నాడు. అదే పోతన, దశమ స్కంధంలో. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉంటే భార్య చెప్పి చెప్పి పంపిస్తుంది. మా అమ్మీ లాంటి మనిషి ఆమె. ఇతడు గుప్పెడు అటుకులు కట్టుకొని ద్వారక పోతాడు. పోయి, అడగలేకపోతాడు. నోరు పెగలదు. కృష్ణుడే తెలుసుకొని ఇస్తాడు. అడగలేని పేదవాడి బాధను పోతన అంత మెత్తగా పట్టుకున్నాడు గనకే ఆయన మాకూ కవి. కాని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. కుచేలుడు కృష్ణుడితో ఒకే గురువు దగ్గర చదువుకున్నాడు. కృష్ణుడితో కలిసి చదువుకోని కుచేలుళ్ల సంగతేమిటి? వాళ్ల పిల్లల ఆకలి ఎవరికి తెలుస్తుంది?

సర్కారుకు తెలియాలి అంటాం ఈ కాలంలో. సరే, సర్కారు ఎట్లా మాట్లాడుతుందో వినండి. ముస్లిములకు ఇంత ఇచ్చాం, అంత ఇచ్చాం అంటుంది. ఎదుటి పార్టీ వాళ్లకు దోచిపెట్టారంటుంది, బుజ్జగింపు అంటుంది. తిట్టేవాడిదీ పొగుడుకొనేవాడిదీ ఒకటే వ్యాకరణం. ఇద్దరి వాక్యాల్లోనూ ఇవ్వడం అనేదే క్రియ. ఇద్దరికీ మా చెయ్యి కిందనే ఉంది. సెక్యులర్ మిత్రులు కూడా చాలామంది ఈ వ్యాకరణంలోనే మా పక్షాన నిలబడ్డారు. పాపం, వెనకబడ్డారు, ఏదో ఒకటి చెయ్యాలన్నారు. ఆ పాపం అన్న మాట మాకు ఎంత బరువో వాళ్లకు తెలియదు.

ఇంతకూ ఆ 4 శాతం ఎక్కడినుంచి వచ్చింది? 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లిములకు 5 శాతం అని జీవో తీసింది. హైకోర్టు కొట్టేసింది. 2005లో మళ్లీ 5 శాతమని చట్టం చేసింది. ఆ ఏడు నవంబరులో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. అప్పటికే బీసీలకు 25, ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, మొత్తం 46 శాతం ఉన్నాయి. 1992 మండల్ తీర్పు గీసిన గీత 50. అందులో మిగిలింది 4. 2007 చట్టంలో మతం మొత్తానికి అనే పద్ధతి మాని, వెనుకబడిన 14 ముస్లిం సమూహాలను బీసీ-ఇ అని పేర్కొని 4 శాతం అన్నారు. అంటే మా వెనుకబాటును కొలిస్తే 4 రాలేదు. మిగిలిన జాగా 4 గజాలు, అందులో సర్దుకొమ్మన్నారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు ఆ చట్టాన్నీ కొట్టేసింది. మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాని మీదనే అది కొనసాగుతూ వచ్చింది. 2014లో రాష్ట్రం రెండైనా రెండుచోట్లా అదే ఉత్తర్వు నీడ. 2017లో తెలంగాణ శాసనసభ 12 శాతానికి బిల్లు చేస్తే అది ఢిల్లీ దాటి రాలేదు.

2019లో ఆర్థికంగా బలహీనులైన వర్గాలకు 10 శాతమని రాజ్యాంగాన్ని సవరించారు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల మెజారిటీతో దాన్ని నిలబెట్టింది. మా దగ్గర గోడలా నిలిచిన 50 గీత అక్కడ గుమ్మమైంది. ఆ 10 శాతంలో బీసీ జాబితాలో లేని సయ్యద్, పఠాన్ పేదలకూ చోటుంది. కాబట్టి దాన్ని మేము తిట్టం. ఒక్క సంగతి అడుగుతాం. ఆ సీట్లలో చేరిన పిల్లలను ఖైరాత్ సీటు అని ఎవరైనా అన్నారా? మా చెల్లెను అన్నారు. మొదటి నెలలోనే, ల్యాబులో, పక్కన నిలబడ్డ అమ్మాయే అంది.

మా చెల్లె ఇంటికొచ్చి అబ్బాకు ఆ మాట చెప్పలేదు. మాకు చెప్పింది. మేము పుస్తకాల మీద పడ్డాం.

ఆర్థికశాస్త్రంలో పెద్దాయన ఆడం స్మిత్ ఏమంటాడు? 1776 నాటి తన పుస్తకంలో, బజారులో మన భోజనం మనకు ఎవరి దయా లేకుండానే అందుతుందంటాడు. అమ్మేవాడు తన లాభం చూసుకుంటాడు, కొనేవాడు తన అవసరం చూసుకుంటాడు. దయ మీద బతికేవాడు బిచ్చగాడొక్కడే. అబ్బాకు ఈ మాట చెప్తే చాలా నచ్చింది. మన ఖురేషీ భాయి కొట్టుకాడ అంతే కదా అన్నాడు. కాని అదే పుస్తకంలో పన్నుల సంగతి చెప్పేచోట స్మిత్ ఇంకో ముచ్చట చెప్పాడు. బతకడానికి నార చొక్కా అక్కర్లేదు. అయినా తన దేశంలో రోజుకూలివాడు కూడా అది లేకుండా నలుగురిలోకి రావడానికి సిగ్గుపడతాడు, అందుకని దాన్ని నిత్యావసరంగానే లెక్కించాలి అన్నాడు. అంటే సిగ్గు లేకుండా నలుగురిలో నిలబడగలగడం కూడా తిండి లాంటి అవసరమే. ఈ కాలంలో నార చొక్కా జాగాలో చదువు వచ్చింది.

తర్వాతి కాలం పెద్దలు కొందరు ఆ రెండో ముచ్చట మరిచిపోయారు. సామాజిక న్యాయమనేదే ఎండమావి అని 1976లో హాయెక్ రాశాడు. బజారులో ఎవరికి ఎంత వస్తుందో ఎవరూ కూర్చొని నిర్ణయించరు, కాబట్టి ఆ ఫలితాన్ని న్యాయమనీ అన్యాయమనీ అనలేం అని ఆయన వాదం. వాన ఒకరి చేలో పడి ఒకరి చేలో పడకపోతే ఎవర్ని నిందిస్తాం అన్నట్టు. బాగానే ఉంది. మరి 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కు దళితులను చేర్చారు. 1990లో బౌద్ధులను చేర్చారు. పాకీ పని చేసిన మా మెహతర్లు ముస్లిములు గనుక బయటే ఉండిపోయారు. అది వాన కాదు. అది కలం. సచార్ కమిటీ నివేదిక 2006లో పార్లమెంటు ముందుకొచ్చింది. దేశ జనాభాలో ముస్లిములు 13.4 శాతం, ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం అని అది లెక్క తేల్చింది. అదంతా వానే అంటే నమ్మలేం.

అమర్త్య సేన్ 1981లో కరువుల మీద పుస్తకం రాశాడు. 1943 బెంగాల్ కరువులో లక్షల మంది చనిపోయారు. దేశంలో గింజలు లేక పోయారనుకున్నారు అందరూ. లెక్క తీస్తే గింజలు అంతగా తగ్గలేదు. ఆ గింజల మీద కూలివాడికీ, జాలరికీ ఉన్న పట్టు పోయింది. ఆ పట్టుకు ఆయన వాడిన ఇంగ్లీషు మాటకు తెలుగులో హక్కు అనే రాయాలి. సేన్ తన చిన్ననాటి సంగతి ఒకటి పదే పదే రాశాడు. 1944, ఢాకా. మతకల్లోలం రోజులు. ఖాదర్ మియా అనే ముస్లిం కూలీ కత్తిపోట్లతో నెత్తురోడుతూ సేన్ ఇంటి గేటు లోపలికి వచ్చాడు. హిందువులుండే ఆ వాడకు పోవద్దని భార్య మొత్తుకుందట. ఇంట్లో తినడానికి ఏమీ లేక కూలికోసం వచ్చాడట. ఆస్పత్రిలో చనిపోయాడు. చంపింది మతోన్మాదమే. కాని ఆ వేళ ఆ వాడకు నడిపించింది ఖాళీ కుండ. ఖాదర్ మియా పేరులో మతం ఉంది, చావులో కూలి ఉంది. మా అస్తిత్వం గురించి అడిగేవాళ్లకు మేము ఈ రెంటినీ కలిపే చెప్తాం. ఒకటి తీసేసి చెప్పమంటే చెప్పలేం.

హక్కు అన్నాం కదా. ఆ మాట ఎక్కడిది? అరబ్బీ 'హక్' ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగులోకొచ్చి హక్కు అయింది. రైతు భూమి మీద హక్కు అంటాడు, కూలీ హక్కు అంటాడు, పౌరహక్కులు అని మీరు సంఘం పెట్టుకుంటారు. మీ పోరాటాల నోట్లో ఉన్న మాట మా నమాజు భాషలోంచి వచ్చింది. మరి అది మా నోట వచ్చేసరికి ఖైరాత్ ఎట్లా అవుతుంది?

దాదా హదీసు చెప్పాడు గాని, ఖురాన్ చెప్పే ఇంకో సంగతి అంతగా చెప్పలేదు. ఉన్నవాడి సంపదలో అడిగేవాడికీ, అడగలేక మిగిలిపోయినవాడికీ హక్ ఉందంటుంది ఖురాన్. జకాత్ అంటే ఉన్నవాడి దయ కాదు. ఏడాది నిలిచిన సంపదలో నలభయ్యో వంతు వాడిది కాదని అర్థం. తనది కానిది తిరిగి అప్పజెప్పేవాడి చెయ్యి పైన ఎట్లా ఉంటుంది? హారూన్ రషీద్ కాలపు ఖాజీ అబూ యూసుఫ్ పన్నుల మీద రాసిన గ్రంథంలో ఖలీఫా ఉమర్ సంగతి చెప్పాడు. కళ్లులేని ముసలి యూదుడొకడు బిచ్చమెత్తుతుంటే చూసి, అతన్ని ఇంటికి తీసుకుపోయి, వయసులో పన్ను తీసుకొని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని ఖజానా నుంచి ఏర్పాటు చేయించాడట. ఆ రాజ్యంలో ముస్లిమేతరులు సమానులని మేము బుకాయించం. జిజియా ఉండేది, హోదాలో తేడా ఉండేది. కాని మైనారిటీ ముసలివాడికి ఖజానా బాకీ ఉందన్న ఆలోచన అంత పాతది.

అమ్మీ ఈ గ్రంథాలేవీ చదవలేదు. ఆ రాత్రి ఆమె అన్నది ఇది. 'నేను బీడీలు చుట్టవడ్తిని ముప్పై ఏండ్లు. సబ్బు కొన్నా, నూనె కొన్నా, నీ షాపుకు ట్యూబులు కొన్నా పన్ను కడ్తిమి. ఆ పైసలతోని ఎవరెవరి పిల్లలో పెద్ద కాలేజీలల్ల చదివిండ్రు. వాళ్లను ఖైరాత్ తిన్నరని నువ్వెన్నడన్నా అన్నవా? నా పిల్లకాడికొచ్చినంకనె నీకు ఇజ్జత్ యాదికొచ్చిందా?' అబ్బా దగ్గర జవాబు లేదు. కాసేపాగి సాదీ కథ ఎత్తుకున్నాడు. ముళ్లకంప కొట్టేవాడు హాతిం గడప తొక్కలేదన్నాడు.

ఆ కథ విని విని అరిగిపోయిన మాకు, ఆ రాత్రి అందులో ఒక సంగతి మొదటిసారి తట్టింది. ఆ మనిషి హాతిం విందును ఎందుకు కాదనగలిగాడు? ఎడారిలో ముళ్లకంప ఎవడి సొత్తూ కాదు గనుక. గొడ్డలి ఉంది, కొట్టుకోవడానికి పొద ఉంది, అడ్డంపడే అమీను లేడు. పొదలన్నీ ఎవరో కంచె వేసుకొని ఉంటే వాడు కూడా నలభై ఒంటెల విందులో వరుసలో నిలబడేవాడే. పోతన సంగతీ అంతే. భాగవతాన్ని సింగభూపాలుడికి అంకితమియ్యనన్నాడని, నాగలి పట్టి బతికాడని కథగా చెప్పుకుంటాం. ఆ కాదనడం వెనుక ఆయన భక్తి ఉంది. ఆ నాగలి కింద ఇంత పొలం కూడా ఉంది. పొలం లేని కవి ఏం చేసేవాడో మనకు తెలుసు. రాజుల పేరున అంకితాలు మన సాహిత్యం నిండా ఉన్నాయి.

ఎవరినీ చెయ్యి చాపకుండా బతకాలన్న అబ్బా మాట నూటికి నూరుపాళ్లు సరైనది. అట్లా బతకాలంటే ముందు ఒక పొద కావాలి, ఒక చెలక కావాలి. మాకు భూమి లేదు. కంపెనీ వస్తువొచ్చి మా చేతిపనులను మింగింది. స్కూటర్లు, మోటారు సైకిళ్లు పెరిగి సైకిలు షాపు చిక్కిపోయింది. చెల్లె చదువే మాకు మిగిలిన పొద. ఆ సీటు హాతిం పెట్టిన విందు కాదు. హాతిం ఇంటికి పోకుండా బతకడానికి కావలసిన గొడ్డలి. సర్కారు మా చేతిలో పెట్టింది అదే. పెట్టి, విందు పెట్టామని చాటింపు వేసుకుంది. ఆ చాటింపు విని అబ్బా సిగ్గుపడ్డాడు, ల్యాబులో పిల్ల వెక్కిరించింది.

ఇక్కడితో ఆపితే మా వాదన బాగానే ఉంటుంది. నిజాయితీగా ఉండదు. హక్కు అన్నవాడు తన ఇంటి లెక్క కూడా చూపించాలి. 2005లో కోర్టు అడిగిన ప్రశ్న ఒక విధంగా సరైనదే. ముస్లిములందరూ ఒకే విధంగా వెనుకబడ్డారా, కొలిచారా అని అడిగింది. మేమెందుకు జవాబు చెప్పలేకపోయాం? ఇస్లాంలో కులం లేదని అరవడానికి అలవాటుపడ్డాం గనుక. 2007 జాబితాలో మా పేర్లు చూసుకోండి. అచ్చుకట్లవాళ్లు, అత్తరు సాయిబులు, ధోబీలు, ఫకీర్లు, గారడీవాళ్లు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు. అంతకు చాలా ముందునుంచే దూదేకులవాళ్లు బీసీ-బిలో ఉన్నారు, మెహతర్లు బీసీ-ఎలో ఉన్నారు. మసీదులో ఒకే వరుసలో నిలబడ్డాం. నిజం. వియ్యమందే వేళకు ఆ వరుస ఏమైంది? దూదేకులవాళ్లను నమాజు సరిగా రానివాళ్లని, ఉర్దూ రానివాళ్లని ఎవరు నవ్వారు? మెహతర్ ఇంట చాయ్ తాగడానికి ఎవరు తటపటాయించారు? మేమే. మీరు మమ్మల్ని కింది చెయ్యి చేశారని రాస్తున్న ఈ చెయ్యి మా గల్లీలో ఎంతోమంది మీద పైచెయ్యిగానే ఉంది.

రంజాన్‌లో జకాత్ వరుసలు చూడండి. ఉన్నవాడి ఇంటి ముందు బుర్ఖాలు పొద్దున్నుంచి ఎండలో నిలబడతాయి. హక్ అని ఖురాన్ చెప్పినదాన్ని మేము ఖైరాత్‌గా మార్చి పంచుతున్నాం. అట్లాంటప్పుడు సర్కారు మా హక్కును ఖైరాత్ చేసిందని అడగడానికి మా నోరు కొంచెమైనా తడబడాలి. ఇంకొకటి. హక్కు వాడుకొని నిలదొక్కుకున్నవాడు పక్కకు జరగాలి. మా చెల్లె బిడ్డ అదే కోటాలో సీటు అడిగితే, పక్క గల్లీ ఫకీరు పిల్లవాడి పొదను మేము కంచె వేసుకున్నట్టే. ఈ మాట మా బంధువులకు నచ్చదు. మాకూ పూర్తిగా నచ్చడం లేదు. అయినా రాస్తున్నాం.

అబ్బా ఆ రోజు చెల్లెను ఆపలేదు. పొద్దున్నే లేచి, హన్మకొండ బస్సెక్కించడానికి తనే తీసుకుపోయాడు. బస్సు ఛార్జీ, హాస్టలుకు మొదటి నెల డబ్బు షాపు గల్లాలోంచి తీసి చేతిలో పెట్టాడు. ఇది మాత్రం మనది అన్నాడట. నాలుగేళ్లూ ఆయన హక్కు అన్న మాట అనలేదు. ఖైరాత్ అన్న మాటా మళ్లీ అనలేదు.

చెల్లె ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది. మొదటిసారి తన జకాత్ లెక్క తానే కట్టుకున్న రంజాన్ నెలలో, ఎట్లా పంచాలని అబ్బాను అడిగింది. ఆయన కాసేపు ఆలోచించాడు. ఇంటి ముందుకు ఎవర్నీ పిలవొద్దన్నాడు. పేర్లు రాసుకొని, తరావీ నమాజు అయినంక, గల్లీలో మనుషులు తగ్గినంక నువ్వే వాళ్లింటికి పోవాలన్నాడు. 'వాళ్ల పైసలు నీకాడ ఆగినయి. ఆలస్యమైనందుకు మాఫీ అడుగు' అన్నాడు.

ఆ రాత్రి చెల్లె పోయిన మొదటి ఇల్లు మెహతర్ల ఇల్లు. వాళ్లు చాయ్ ఇచ్చారు. తాగి వచ్చింది.